నడివయసు రౌతుకు నియమావళి

నలభై దాటాక గుర్రపుస్వారీ నేర్వదలచినవారు, గుర్రం తమను గమనించడం లేదని ముందుగా గట్టిగా నమ్మాలి. దాని కళ్లు తలకు ఇరుపక్కలా ఉండటం వల్ల ముక్కుకు సరిగ్గా ఎదుట, తోకకు సరిగ్గా వెనుక ఉన్న కొద్ది మేర తప్ప చుట్టూ ఉన్నదంతా దాదాపుగా కనిపిస్తుంది గనుక, ఆ తోక వెనుక నుంచే సద్దు చేయకుండా వెళ్లి పలకరించడం శ్రేష్ఠం; డెక్క ఎంత దూరం అందుతుందో అప్పుడే ప్రత్యక్షంగా తెలుస్తుంది.

ఎక్కడం ఎడమవైపు నుంచి. యోధులు కత్తిని ఎడమ నడుముకు వేలాడదీసేవారు కాబట్టి ఆ ఆచారం ఏర్పడిందని చెబుతారు. కత్తికి బదులు సెల్‌ఫోన్ ధరించేవారికీ నియమం మారలేదు. ఎక్కే ముందు జీనును పట్టి ఉంచే పొట్టపట్టీని మరోసారి బిగించి చూడనవసరం లేదు. మొదట బిగించేటప్పుడు కొన్ని గుర్రాలు ఒళ్లు బిర్రబిగించి, తరువాత తీరికగా వదులుచేస్తాయన్నది నిజమే అయినా, జీనుతో సహా పక్కకు జారి గుర్రం పొట్టను కింది నుంచి చూసే భాగ్యం జాగ్రత్తపరులకు దక్కదు.

క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో అశ్వవిద్యపై గ్రంథం రాసిన గ్రీకు రచయిత జెనోఫోన్, గుర్రం మీద కుర్చీలో కూర్చున్నట్టు కాక కాళ్లు ఎడంగా పెట్టి నిలబడినట్టు ఉండాలన్నాడు. ఆయన ఆఫీసు కుర్చీలో ఇరవై ఏళ్లు గడిపినవాడు కాడు. పాదం మోపే లోహపు వలయమైన రికాబు కూడా ఆనాటి గ్రీకులకు లేదు. అది ఉన్న నేటి రౌతు మడమను కిందికి దించడం మాని, పాదమంతా అందులో దూర్చుకుంటే, పడినా గుర్రంతో సంబంధం తెగదు. ఇక ట్రాట్, అంటే ఎదురు మూలల కాళ్లు జంటగా నేలను తాకే రెండు తాళాల పరుగు, మొదలైనప్పుడు లేవవలసిన చోట కూర్చుని, కూర్చోవలసిన చోట లేస్తే వెన్నుపూసలన్నీ లెక్కకు వస్తాయి.

భయం వేస్తే పగ్గాలు పట్టుకుని వేలాడటం సర్వసమ్మతమైన ఉపాయం. అయితే మన దేశంలోని శిక్షణాలయాల్లో పందేలు మానిన గుర్రాలు అనేకం ఉంటాయి. నోటిలోని కళ్లెం మీద ఆనుకుని పరుగెత్తడం వాటి పాత అలవాటు గనుక, ఎడతెగని లాగుడును వేగం పెంచమన్న కోరికగా గ్రహించి మన్నించవచ్చు. లాగి వెంటనే సడలించాలన్న కిటుకు పిల్లలకు త్వరగా పట్టుబడుతుంది, ఎందుకంటే ఇంటి అప్పు వాయిదాలూ మోకాలి శస్త్రచికిత్స ఖర్చులూ వారికి తెలియవు.

దిగేటప్పుడు రెండు పాదాలనూ ముందే రికాబుల నుంచి తీసి, కుడికాలిని వెనుకగా తిప్పి నేలకు జారాలి. నేలను చేరే ఇతర మార్గాలను శిక్షకులు దిగడం కింద పరిగణించరు.