స్క్రూ మీద వెలసిన స్వామికి

స్వామీ, నీ రూపం వేలి గోరంత. ల్యాప్‌టాప్ అడుగు మూతకు కంపెనీ పెట్టిన స్క్రూలన్నింటినీ వదిలి, ఒక్కదాని నెత్తిన వెలిశావు. బిల్లు మా పేరున ఉంది, ఈఎంఐ మా ఖాతాలోంచే పోతోంది. అయినా మూత తెరవాలంటే మాకు నీ అనుమతి కావాలి. ‘తొలగిస్తే వారంటీ చెల్లదు’ అన్న నీ ఒక్క వాక్యంతో సొంతదారుకు ఎంత స్వాధీనం ఉందో తేల్చేశావు. నీ అంత క్లుప్తంగా ఏ లాయరూ రాయలేడు.

నీ ఓర్పు పాఠాలు గొప్పవి. లోపల రెండో ర్యామ్ స్లాటు ఖాళీగా ఉంటుంది. దానికి వేలు తగలకుండా వారంటీ ఉన్నన్నాళ్లూ కాపలా కాస్తావు. 8 జీబీ మెషీన్ మీద ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచిన ఇంజనీరింగ్ పిల్ల, ఎమ్యులేటర్ లేచేదాకా తెర వంక చూస్తూ కూర్చుంటుంది. వాళ్ల నాన్న అప్పు చేసి కొన్న మెషీన్ అది. ఆ పిల్లకు ఆ నిరీక్షణ ప్రసాదించింది నువ్వే.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోని కంప్యూటర్ దుకాణాలవాళ్లకూ నీ పేరు వింటే భయమే. స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు అడిగే మాట “వారంటీ ఉందా సార్?” పనిలో నిజానికి పెద్ద కష్టం లేదు. మూత తీసి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, కొత్త ర్యామ్‌ను ఏటవాలుగా స్లాటులోకి దూర్చి, కిందికి నొక్కితే రెండు పక్కలా క్లిప్పులు టక్కుమని పడతాయి. అంతే. తెలిసినవాళ్లు చివర్లో ఓ మాట చెబుతారు: “పాత ర్యామ్ పారేయకండి, సర్వీస్‌కి ఇచ్చేటప్పుడు అదే పెట్టి ఇవ్వండి.” మా డబ్బుతో కొన్న ర్యామ్‌ను దొంగసొత్తులా దాచడం నేర్పిన ఘనత నీది.

ఇక నీ దివ్యదృష్టి! నిన్ను పీకితే వెండి రంగు గీతలు మిగులుతాయి. ఆర్నెల్ల తర్వాత కీబోర్డులో ఒక కీ పనిచేయదు. సర్వీస్ సెంటర్‌లో ఆ గీతలు చూడగానే రోగం తెలిసిపోతుంది. మీటర్ పెట్టనక్కర్లేదు, కీబోర్డు విప్పనక్కర్లేదు. ర్యామ్ మార్చారు గనుక కీ చెడింది! ఇంత వేగంగా తప్పు పట్టగల యంత్రాన్ని ఇంతవరకు ఎవరూ తయారుచేయలేదు.

అమెరికావాళ్లకు నీ మీద భక్తి తక్కువ. ఫలానా విడిభాగమే వాడాలి, ఫలానా చోటే బాగుచేయించాలి అని వారంటీకి ముడిపెట్టడాన్ని అక్కడి మాగ్నసన్-మాస్ చట్టం 1975 నుంచే కట్టడి చేసింది. 2018 ఏప్రిల్‌లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరు కంపెనీలకు హెచ్చరిక లేఖలు రాసింది. 2024 జులైలో మళ్లీ రాసినప్పుడు కంప్యూటర్ విడిభాగాలు చేసే సంస్థల స్టిక్కర్లను ఎత్తి చూపింది. మన దగ్గర 2014లో కాంపిటీషన్ కమిషన్ కార్ల కంపెనీలకు ఇలాంటి మాటే చెప్పింది: బయట బాగుచేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేయకూడదు, ఆ పని వల్ల చెడినంత మేరకే కాదనవచ్చు. 2022లో కేంద్రం మరమ్మతు హక్కు పోర్టల్ కూడా తెరిచింది. ఇన్ని జరిగినా కదలకుండా కూర్చున్నావు చూడు, నీ జిగురు గట్టిది స్వామీ.

నిన్ను మించినవాడు ఒకడున్నాడు. 2012 రెటీనా మ్యాక్‌బుక్ ప్రోలో ర్యామ్‌ను బోర్డుకే సోల్డర్ చేశారు. అక్కడ నీకు కాపలా పని కూడా లేదు. అదే థింక్‌ప్యాడ్‌లకు మూత ఎలా తీయాలో, ఏ భాగం ఎలా మార్చాలో లెనోవో పుస్తకం వేసి మరీ చెబుతుంది. అలాంటి చోట నిన్ను ఎవరూ కొలవరు, పాపం.

ఇంతటి సమర్థుడివి గనుక ఒకే వరం అడుగుతున్నాం. కీబోర్డు చెడితే కీబోర్డు విప్పి చూడమని నీ అర్చకులకు చెప్పు. మేం పెట్టిన ర్యామే బోర్డును కాల్చిందని పరీక్షలో తేలితే, ఆ ఖర్చు మేమే కడతాం.