కన్నవారిని కోటప్పకొండ ఎక్కించు విధానం

కోటప్పకొండ పల్నాడు జిల్లాలో, నరసరావుపేటకు సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఉంది. త్రికూటాచలమని మరో పేరు. ఏ వైపు నుంచి చూసినా బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలు మూడూ కనిపిస్తాయని ప్రతీతి. త్రికోటేశ్వరస్వామి గుడి బ్రహ్మ శిఖరం మీద ఉంది. అక్కడికి మెట్లూ ఉన్నాయి, ఘాట్ రోడ్డూ ఉంది. రుద్ర శిఖరం ఇంకా ఎత్తు, పాత కోటయ్య గుడి అక్కడే. కన్నవారిని వెంటబెట్టుకుని ఒక్క పూటలో ఈ కొండెక్కి దిగడం, హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసుకునే సంతానం ఊరొచ్చినప్పుడు నెరవేర్చే కార్యాల్లో ఒకటి. దాని విధులు ఇవి.

మొదట ముహూర్తం. తల్లి తెల్లవారుజామునే తలస్నానం చేసి, పులిహోర డబ్బాకెత్తి, సంచీ ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చుని ఉంటుంది. ఆమెను చూసి కంగారు పడరాదు. అర్ధరాత్రి దాటేదాకా ఫోను చూసిన సంతానానికి ఎనిమిదింటికి మెలకువ వస్తుంది. టిఫినూ కాఫీ అయ్యేసరికి తొమ్మిదిన్నర. వేసవి ఎండల వార్తల్లో రెంటచింతల పేరు తప్పకుండా వినిపించే జిల్లాలో మెట్టెక్కడానికి పదిన్నరను మించిన వేళ లేదు. ఆలస్యమెందుకైందని ఎవరైనా అడిగితే "పెద్దవాళ్ళతో ప్రయాణం కదండీ" అనాలి.

మెట్లా, ఘాట్ రోడ్డా అన్నది పెద్దవాళ్ళను అడగకుండా తేల్చాలి. అడిగితే మెట్లంటారు. అడక్కపోయినా చివరికి ఎక్కేది మెట్లే.

నీళ్ళు తాగమని తల్లిని ప్రతి మలుపులోనూ పోరాలి. వద్దంటే "నీ మొండితనం నీదే" అని విసుక్కోవాలి. నిజానికి ఆమె ముందురోజు సాయంత్రం నుంచే నీళ్ళు తగ్గించి ఉంటుంది. దారిలో బాత్రూము ఉంటుందో లేదో, ఉన్నా వెళ్ళేలా ఉంటుందో లేదోనని. బీపీకిచ్చే మాత్రల్లో కొన్ని మూత్రం ఎక్కువ వచ్చేలా చేస్తాయి. ఆ పూటకు ఆ మాత్ర కూడా మానేసి ఉండవచ్చు. పెళ్ళికి వెళ్ళినా, తిరుపతి బస్సెక్కినా ఇదే పద్ధతి. ఈ సంగతి తల్లి చెప్పదు, కొడుకు అడగడు. బండి ఆపిన చోటే "వెళ్ళొస్తావా అమ్మా" అని ఒక్కమాట అంటే సరిపోయేది, కానీ అప్పటికి పార్కింగు గొడవలో ఉంటారు.

ఇక అతి ముఖ్యమైన విధి: ముందు నడవాలి, వెనక్కి చూడరాదు. దీనికి స్థలపురాణంలోనే ఆధారం ఉంది. ఆనందవల్లి అనే గొల్లభామ రోజూ రుద్ర శిఖరం ఎక్కి స్వామిని కొలిచేది. గర్భవతి అయ్యాక ఎక్కలేక, నువ్వే దిగిరమ్మని స్వామిని వేడుకుంది. నీ వెంట వస్తాను, వెనక్కి మాత్రం చూడకు అన్నాడాయన. బ్రహ్మ శిఖరం దగ్గరకొచ్చేసరికి వెనక పెద్ద చప్పుడైంది, ఆమె తిరిగి చూసింది, స్వామి అక్కడే ఆగిపోయాడు. అంచేత తిరిగి చూస్తే వెనకవాళ్ళు ఆగిపోతారని భయపడి, సంతానం ఇరవై ముప్పై మెట్లు ముందుండి, చెవుల్లో పాటలు పెట్టుకుని, మలుపు తిరిగి, అక్కడ నడుం మీద చేతులేసుకుని నిలబడాలి. పెద్దవాళ్ళు ఆయాసపడుతూ అందుకోగానే మళ్ళీ కదలాలి. దీనివల్ల విశ్రాంతి అంతా ముందు నడిచేవాళ్ళకూ, నడక అంతా వెనకవాళ్ళకూ దక్కుతుంది.

అయితే ఈ కథను సాంతం చదివితే చిక్కు వస్తుంది. శిఖరాన ఉన్నవాడు ఎక్కలేని మనిషి కోసం దిగివచ్చాడన్నది అసలు కథ. ఆమె తిరిగి చూడబట్టే గుడి పై శిఖరానికి కింద, బ్రహ్మ శిఖరం మీద వెలిసింది. ఇవాళ మోకాళ్ళ నొప్పులవాళ్ళకు దర్శనం అందుబాటులో ఉందంటే ఆ చూపు పుణ్యమే. తిరిగి చూసిందని జనం ఆమెను తప్పుపట్టలేదు, కొండమీద ఆమెకూ గుడి కట్టి మొక్కుతున్నారు. ముందు నడిచే సంతానం ఈ భాగాన్ని వదిలెయ్యడం మంచిది.

సగం దారిలో ఒక విశేషం జరుగుతుంది. తల్లి ఉన్నట్టుండి మెట్టు మీద కూలబడి, "ఒరే, కాసేపు ఆగుదాంరా, నాకు కాళ్ళు లాగుతున్నాయి" అంటుంది. ఆమె నుదుటి కుంకుమైనా చెదరలేదు. చొక్కా వీపుకు అతుక్కుపోయి, మాట రాక నిలబడినది కుర్చీ ఉద్యోగం చేసే కొడుకు. అతను "అందుకే వద్దన్నాను" అనాలి. ఆమె నవ్వకుండా సంచీలోంచి అరటిపండు తీసి, కోతులు చూడకుండా కొంగు చాటున ఒలిచి ఇస్తుంది.

ఆ విరామంలో ఆమె శివరాత్రి తిరునాళ్ళ గురించి మొదలుపెడుతుంది: చిలకలూరిపేట వైపు పల్లెల నుంచి వెదుళ్ళతో కట్టిన ఎత్తయిన ప్రభలు ఎలా కదిలొచ్చేవో, పిల్లాణ్ణి చంకనేసుకుని ఇవే మెట్లు ఎలా ఎక్కిందో, ఈ కొండమీద కాకి ఎందుకు వాలదో. ఇది విన్న కథే కాబట్టి మెయిళ్ళు చూసుకోవచ్చు.

గుడి దగ్గర సెల్ఫీ తప్పనిసరి; దర్శనం వీలునుబట్టి. రుద్ర శిఖరం వచ్చేసారి అని చెప్పాలి. ఎప్పుడూ అలాగే చెబుతారు.

దిగేటప్పుడు "ఇక సుఖమేగా" అని వదిలెయ్యాలి. దిగే ప్రతి మెట్టుకూ ఒంటి బరువంతా ఒక్క మోకాలి మీద పడుతుంది, తొడ కండరం సాగుతూనే ఆ బరువును ఆపాలి. అందుకే ఎక్కినప్పుడు ఆయాసం వస్తే దిగినప్పుడు నొప్పి వస్తుంది. పక్కన నడిచి చెయ్యందిస్తే కొంత నయమే. చెయ్యి ఎవరు ఎవరికి అందించారన్నది మాత్రం స్టేటస్‌లో పెట్టే ఫొటోలో తెలియకుండా చూసుకోవాలి.

మర్నాడు పిక్కలు పట్టేసి మంచం దిగలేనివాళ్ళు ఆఫీసుకు సెలవు కోరుతూ కారణం దగ్గర "అమ్మకు ఒంట్లో బాగోలేదు" అని రాయాలి. ఆ సమయంలో ఆమె పెరట్లో బట్టలు ఆరేస్తూ ఉంటుంది, ఫోనులో ఆ చప్పుడు వినబడకుండా తలుపు వేసుకోవాలి.