మెడ తిప్పే స్కాలర్

థీసిస్ సమర్పణ దగ్గరపడ్డ రోజుల్లో ఇతన్ని గుర్తుపట్టడం తేలిక. తల ఎడమ భుజం మీదికి వాలి ఉంటుంది. మెడనొప్పి కాదు, మూడో అధ్యాయం.

గణాంకాల సాఫ్ట్‌వేర్ ఆర్‌లో గీసినప్పుడు గ్రాఫు తెరమీద నిటారుగానే ఉంది. పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలు చేసి థీసిస్ పేజీలు కూర్చే లేటెక్‌లో పెట్టేసరికి పడుకుంది. ఆర్‌ని తిట్టి లాభం లేదు. మనం నోరు విప్పకపోతే దాని పోస్ట్‌స్క్రిప్ట్ ఆదేశంలో 'హారిజాంటల్' ట్రూగానే ఉంటుంది, అడ్డకాగితం మీదే గీస్తుంది. ఫాల్స్ అంటే లేచి నిలబడుతుంది. గీసే ముందు సెట్‌ఈపీఎస్ అని పిలిచినా చాలు. ఇదంతా హెల్ప్ పేజీలో ఉంది. కానీ మనవాడు గోడమీద పటం వంకరగా ఉంటే మేకు జోలికి పోకుండా మంచం జరుపుకునే రకం.

మొదట లాప్‌టాప్ తిప్పాడు. తర్వాత పీడీఎఫ్ చూసే సాఫ్ట్‌వేర్‌లో 'రొటేట్' కనిపెట్టి, హాస్టల్లో అందరికీ టీ ఇప్పించాడు. ఫైలు మూసి తెరిస్తే గ్రాఫు మళ్లీ నిద్రలో ఉంది.

ఎవరో సీనియర్ లేటెక్‌లో బొమ్మ పెట్టే ఆదేశపు బ్రాకెట్లో రాయమని 'యాంగిల్ మైనస్ 90' మంత్రం చెప్పాడు. లేచింది, కానీ మార్జిన్ దాటి కాగితం బయటికి నడిచింది. లేటెక్ ఆ బ్రాకెట్లోని మాటల్ని ఎడమ నుంచి కుడికి వరసగా పాటిస్తుంది. ముందు వెడల్పు చెప్పి తర్వాత తిప్పమంటే, చెప్పిన వెడల్పు కాస్తా ఎత్తయి కూర్చుంటుంది. ఆ రెండు మాటల వరస మార్చడానికి మనవాడికి ఓ వారం పట్టింది. మధ్యలో ఓసారి తిరుపతి కూడా వెళ్లొచ్చాడు.

ఇక పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలుని పీడీఎఫ్ చేసే ఘోస్ట్‌స్క్రిప్ట్‌ది పక్కా ప్రజాస్వామ్యం. పేజీలో మెజారిటీ అక్షరాలు ఎటు తిరిగుంటే పేజీ మొత్తాన్ని అటు తిప్పేస్తుంది. మనవాడు సరిచెయ్యడం మరిచిన గ్రాఫుల పేజీలో గ్రాఫులు లేచాయి, పేజీ నంబరు పడుకుంది. 'ఆటోరొటేట్‌పేజెస్'కి 'నన్' అని చెబితే ఆ ఓటింగు ఆగుతుంది. చెప్పేవాళ్లు కావాలిగా!

చివరికి అన్నీ నిటారుగా నిలబెట్టి ప్రింటు పట్టుకెళ్లాడు. గైడుగారు జన్మలో మెడ తిప్పని మనిషి.

"ఏమయ్యా, పోయిన నెల చూపించినప్పుడు ఈ గీత పైకి వెళ్తోంది కదా?"

"అప్పుడు పడుకుని ఉంది సార్. లేపితే కిందికి దిగుతోంది."

"మరి నేను సంతకం పెట్టిన అయిదో అధ్యాయంలో 'గణనీయమైన పెరుగుదల' అని రాశావే!"

"దాన్ని కూడా తిప్పమంటారా సార్?"