ఉదయగిరి చెక్క చెంచా కథ

ఉదయగిరి చెక్క చెంచాకు పుట్టిల్లు దుర్గంపల్లి కొండలు. ఆ కొండల్లో దొరికే నర్ది, దేవదారి, బిక్కి, కల్ది, పాలబరికె కొయ్యతో ఉదయగిరి పనివాళ్లు చెంచాలు, ఫోర్కులు, గరిటెలు చెక్కుతారు. దేవదారి కొయ్యకు సువాసన ఉంటుంది, బిక్కికి నార సన్నం. ఈ కథలోని చెంచా బిక్కి కొమ్మలోంచి వచ్చింది. లోహపు చెంచాలాగా దీని పిడి చెయ్యి కాల్చదు, నాన్‌స్టిక్ పెనాన్ని గీకదు. ఎక్కువసేపు నీళ్లలో నానితే మాత్రం పగుళ్లిస్తుంది. కడిగిన వెంటనే తుడిచి ఆరబెట్టాలి.

కొమ్మ చెంచా కావడంలో మొదటి పని ముక్కను ఎంచుకోవడం. నార పిడి పొడవునా సాగాలి. చెంచాకు ప్రాణమంతా మెడలోనే ఉంటుంది. గుంట పిడిని కలిసే ఆ సన్నని చోట నార అడ్డంగా పడిందంటే, ఆకురాయి పట్టేటప్పుడే విరగవచ్చు, లేదా కొన్న ఇంట్లో పులిహోర కలుపుతుండగా విరగవచ్చు. ముక్క కుదిరాక రంపంతో కోసి, కత్తితో ఆకారం తీసి, వంపు ఉలితో గుంట తోడి, ఆకురాయితో రాకి, చివర గరుకు కాగితంతో నున్నచేస్తారు. గుంట తోడేటప్పుడు ఉలి రెండు అంచుల నుంచీ అడుగుకే దిగాలి. అడుగు దాటి అవతలి అంచు ఎక్కబోతే నారకు ఎదురువెళ్లి కొయ్య పెచ్చులుగా లేస్తుంది. లేచే ముందు ఉలి కింద చప్పుడు మారుతుంది. పని తెలిసినవాళ్లు ఆ చప్పుడు వినగానే ముక్కను తిప్పేస్తారు.

ఈ చెంచాను చెక్కిన మహిళ నలభై ఏళ్లు దాటాక ఉలి పట్టింది. అంతకుముందు ఆమెకు తెలిసింది పొలం కూలి, వంట. నెల్లూరు జిల్లా పడమటి కొసన ఉన్న ఈ ఉదయగిరి మెట్టలో వానను బట్టే పని దొరుకుతుంది. దగ్గర్లోనే పెన్నా నదిపై 1975లో పనులు మొదలైన సోమశిల జలాశయం ఉంది. దాని సామర్థ్యం 78 టీఎంసీలు. దాని కింద కడప జిల్లా ఊళ్లు ఎన్నో మునిగాయి. నడివయసులో పొలం పోగొట్టుకున్న రైతులు మరో పని వెతుక్కోవలసి వచ్చింది. ఆ నీళ్లు ఎక్కువగా తూర్పున డెల్టాకు, కండలేరు జలాశయానికి సాగిపోతాయి. ఎత్తున ఉన్న ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలు హైలెవెల్ కాలువ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తూ వచ్చాయి. నడివయసులో వృత్తి మారడం ఇక్కడివాళ్లకు సరదా వ్యవహారం కాదు, బతుకుతెరువు.

అయినా ఆమె ఈ పనికి ఏమీ తెలియకుండా రాలేదు. ఏళ్ల తరబడి వంట చేసిన చేతికి గరిటె బరువు ఎక్కడ ఉండాలో, పిడి ఎంత పొడవుంటే ఆవిరి చేతికి తగలదో, అంచు ఎంత పలచనైతే గిన్నె మూలలోని ముద్ద వస్తుందో తెలుసు. ఉలి పట్టే తీరు నెలల్లో వస్తుంది. ఈ తెలివి రావడానికి సగం జీవితం పడుతుంది. నడివయసులో కొత్తగా చేతిపని నేర్చుకునేవాళ్లను మొదటి తరగతి పిల్లల్లా చూడటం అందుకే తప్పు. ఉదయగిరి చెక్క సామగ్రికి భౌగోళిక గుర్తింపు దక్కిందంటే దాని వెనక ఉన్నది ఇలాంటి చేతుల తెలివే.

కంప్యూటర్‌తో నడిచే యంత్రాల మీద వస్తువులు తయారుచేసే డిజిటల్ ఫ్యాబ్రికేషన్ కూడా కొంతవరకు ఇలా దారి మార్చుకున్నవాళ్లతోనే ఎదిగింది. అమెరికాలోని ఎంఐటీలో నీల్ గెర్షన్‌ఫెల్డ్ 1998లో దాదాపు ఏ వస్తువునైనా తయారుచేయడం నేర్పే తరగతి మొదలుపెట్టినప్పుడు, ఇంజినీర్లతో పాటు కళాకారులు, భవన శిల్పులు కూడా వచ్చి చేరారు. ఫ్యాబ్ ల్యాబ్ అనే ఉమ్మడి పనిశాల ఆలోచన ఆ తరగతిలోంచి పుట్టింది. మన దేశంలో తొలి ఫ్యాబ్ ల్యాబ్ 2002లో పూణే జిల్లా పాబల్ గ్రామంలోని విజ్ఞాన్ ఆశ్రమంలో వచ్చింది. ఆ ఆశ్రమాన్ని స్థాపించిన డాక్టర్ శ్రీనాథ్ కల్‌బాగ్ హిందుస్థాన్ లీవర్‌లో పరిశోధక ఉద్యోగం వదిలి, యాభై దాటిన వయసులో 1983లో ఆ కరువు పల్లెకు చేరిన శాస్త్రవేత్త. చేతులతో చేస్తూ నేర్చుకోవాలన్నది ఆయన పద్ధతి. తెలుగు నేలపై హైదరాబాద్ రాయదుర్గంలో 2023 మార్చి 2న టీ-వర్క్స్ అనే ఇలాంటి పనిశాల ప్రారంభమైంది. 78 వేల చదరపు అడుగుల ఆ ప్రాంగణంలో చెక్క, లోహం, ఎలక్ట్రానిక్స్ పనులకు యంత్రాలున్నాయి. అది ఉదయగిరికి ఎంతో దూరం.

ఉదయగిరి చెంచాను కంప్యూటర్‌తో నడిచే కోతయంత్రమైన సీఎన్‌సీ రౌటర్ మీద చేయాలంటే ముందు కంప్యూటర్‌లో బొమ్మ గీయాలి. సాఫ్ట్‌వేర్ ఆ బొమ్మను బట్టి కోతబిట్టు ఏ దారిన, ఎంత లోతున, ఎంత వేగంతో కదలాలో లెక్కగట్టి రాసి ఇస్తుంది. మూడు దిక్కుల్లో కదిలే మామూలు రౌటర్ పైనుంచే కోస్తుంది. కాబట్టి గుంట తోడాక ముక్కను బోర్లించి వీపు కోయాలి. రెండోసారి ముక్క సరిగ్గా అదే చోట కూర్చోవడానికి చెక్కలో రెండు మేకులు దించి గుర్తు పెట్టుకోవాలి. కోత ముగిసేలోగా చెంచా ఊడి ఎగిరిపోకుండా అక్కడక్కడా సన్నని వంతెనల్లాంటి ముక్కలు వదిలేయాలి. ఇంతా చేసి, నార ఎటు సాగుతుందో యంత్రానికి తెలియదు. ముక్కను అడ్డంగా బిగిస్తే అడ్డంగానే కోసేస్తుంది, ఆ చెంచా మెడ దగ్గర విరుగుతుంది. ముక్క బిగించే మనిషికి కొయ్య తెలిసి ఉండాలి.

చెక్కుడంతా యంత్రానికి అప్పగిస్తే ఉదయగిరి పేరుకు అర్థమే ఉండదు. ఆ యంత్రాలు అక్కరకొచ్చే చోట్లు వేరు. నడుం వంచి చేసే ముతక కోతను రౌటర్‌కు వదిలితే, మణికట్టు నొప్పులు మొదలైన వయసులో ఈ పనిలోకి వచ్చినవాళ్లకు మెత్తని చెక్కుడు మిగులుతుంది. లేజర్ కట్టర్ పలచని ప్లైవుడ్‌లో కొలత అచ్చులు కోసిపెడుతుంది, పిడి మీద చేసిన వారి పేరు చెక్కిపెడుతుంది. త్రీడీ ప్రింటర్‌లో కొత్త నమూనాను ప్లాస్టిక్‌లో తీసి, కొన్నాళ్లు చేత్తో వాడి చూశాకే కొయ్య కోయవచ్చు. కొండ కొయ్య అనవసరంగా చెత్తలోకి పోకుండా ఉండటమే ఇందులో అన్నిటికన్నా పెద్ద లాభం.

అటల్ టింకరింగ్ ల్యాబుల పేరుతో 2016 నుంచి బడుల్లో త్రీడీ ప్రింటర్లు పెడుతున్నారు. అవి ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం. మెట్టలో అలాంటి గది ఉన్న ప్రతి బడీ సెలవు రోజుల్లో దాని తలుపులు పెద్దవాళ్లకూ తెరవాలి. ఉదయగిరిలోనో ఆత్మకూరులోనో ఒక రౌటర్, ఒక లేజర్ కట్టర్ ఉన్న ఉమ్మడి పనిశాల పెట్టాలి. అందులో యంత్రం నేర్పే కుర్రవాడి పక్కన కొయ్య పని నేర్పే పాత పనివాళ్లకు కూడా జీతమిచ్చి కూర్చోబెట్టాలి.