అమ్మిన సరుకు

మా బావ బ్యాంకులో అప్పులిచ్చే సీట్లో చాలాకాలం కూర్చుని రిటైరయ్యాడు. అందుకని ఏ వస్తువు కనబడినా ముందు అది ఎంతకి పోతుందో లెక్కేస్తాడు, దాని పేరు తర్వాత అడుగుతాడు. అలాంటివాడు హైదరాబాదు ఫ్లాటు అద్దెకిచ్చేసి, కోనసీమలో తాతలనాటి మండువా లోగిలికి కాపురం వచ్చేశాడంటే చుట్టాలందరం సంతోషించాం. మావయ్య పోయిన దగ్గర్నుంచీ మా మేనత్త ఆ ఇంట్లో ఒక్కతే ఉంటోంది. ఇకనైనా ఆవిడకి పక్కన మనిషి ఉంటాడు కదా అనుకున్నాం.

దిగిన నెలకే బావ ఇల్లు బాగుచేయించడం మొదలుపెట్టాడు.

"అంతా అమ్మ సుఖం కోసమేరా" అన్నాడు నాతో. "ఎనభై దాటాయి. అర్ధరాత్రి పెరట్లోకి వెళ్ళాలంటే ఎలా? కాలు జారితే ఇంకేమైనా ఉందా?"

ఆ మాటలో అబద్ధం లేదు. బాత్రూం ఇంట్లోకి తెచ్చాడు, కమోడు పెట్టించాడు, గోడకి పట్టుకునే కమ్మీలు బిగించాడు. పెరటి మెట్లు తీయించి వాలుగా గచ్చు చేయించాడు. అత్తయ్య నిజంగానే సుఖపడింది, పదిమందికీ చెప్పుకుంది కూడా. బావ అక్కడితో ఆగి ఉంటే నేనీ సంగతి రాసేవాణ్ణి కాదు.

ఆ ఇల్లు తెలియనివాళ్ళకి కాస్త చెప్పాలి. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి డెల్టాలో పొలాలు పండి, చేతిలో నాలుగు డబ్బులు ఆడినవాళ్ళు మండువా ఇళ్ళు కట్టుకున్నారు. ఇది వాటికన్నా చాలా తర్వాతది. బావ వాళ్ళ తాత రంగూన్ వెళ్ళి, సంపాదించుకొచ్చి కట్టించాడు. నాలుగు పక్కలా వసారాలు, మధ్యలో ఆకాశం. వానొస్తే నాలుగు వాలుల మీది నీళ్ళూ మండువాలోకి దూకి తూములోంచి వీధి కాలవలోకి పోయేవి. మూలకొకటి చొప్పున నాలుగు బర్మా టేకు స్తంభాలు. వీధి గుమ్మానికి గజలక్ష్మి చెక్కిన ద్వారబంధం. గడప మీద తరాల పసుపు పేరుకుని, కర్ర ఏదో పసుపు ఏదో తెలిసేది కాదు. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకి కోనసీమలో కొబ్బరితోటలన్నీ నేలకొరిగినప్పుడు కూడా ఈ ఇంటికి పోయింది పైన పెంకులే. ఆ రాత్రి వీధిలోవాళ్ళంతా ఈ వసారాల్లోనే తలదాచుకున్నారు. అత్తయ్య కాగులో గంజి కాచి పోసిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ నాలుగు స్తంభాల్లో వంటింటి వైపుదానికి, నడుం ఎత్తున, వేలు పట్టేంత గాడి ఉంది. కవ్వం తాడు ఒరుసుకుని పడిన గాడి అది. అత్తయ్య అత్తగారు మొదలుపెట్టింది, ఆవిడ తర్వాత అత్తయ్య అరిగించింది. టేకు లాంటి టేకుని తాడు అంత లోతుకు కోసిందంటే ఎన్ని కుండల మజ్జిగ చిలికారో ఊహించుకోవలసిందే. చిన్నప్పుడు మేం ఆ గాడిలో వేలు పెట్టి రాస్తే గాజులా నున్నగా తగిలేది.

బావకి మండువా చూస్తే "వేస్టు ప్లేసు" అనిపించింది. దుమ్ము, దోమలు, వానజల్లు, పిచ్చుకల రెట్ట, ఏసీ పెడితే నిలవదు. పెంకులు దింపించి, వాసాలూ దూలాలూ తీయించి, కాంక్రీటు పిల్లర్లు లేపి, మండువా మీదుగా స్లాబు పోయిద్దామని నిర్ణయించాడు. అత్తయ్యకి చెబితే "నీ ఇష్టం నాయనా" అంది. కొడుకులకి ఆ మాట ఒప్పుకున్నట్టే వినబడుతుంది.

ఒప్పుకోనివాడు మేస్త్రి. తండ్రి కాలం నుంచీ ఆ ఇంటి మరమ్మతులు చూసినవాడు. పెంకులూ దూలాలూ మీ ఇష్టమండి, గోడల జోలికి మాత్రం సిమెంటు తేవద్దండి అన్నాడు. అవి గుల్ల సున్నం ఇసకలో కలిపి, గానుగలో ఎద్దులతో తొక్కించి, కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ పోసి చేసిన గోడలు. కోనసీమలో నాలుగడుగులు తవ్వితే నీళ్ళు. ఆ చెమ్మ గోడలోకి ఎక్కకుండా ఎవడూ ఆపలేడు. సున్నం గోడైతే ఎక్కిన చెమ్మని ఎండకి బయటికి వదిలేస్తుంది. దానికి సిమెంటు పూసి, పుట్టీ పెట్టి, పైన ప్లాస్టిక్ పెయింటు వేస్తే చెమ్మకి దారి మూసుకుపోతుంది. బయటికి రాలేక ఇంకా పైపైకి ఎక్కుతుంది, ఉప్పు కక్కుతుంది, పూతని ఊడదోస్తుంది. మేస్త్రి ఇదంతా ఒక్క ముక్కలో చెప్పాడు: "గోడకి ఊపిరాడదండి."

"నీకు సిమెంటు పని రాదని చెప్పవయ్యా, పోనీ" అన్నాడు బావ. అమలాపురం నుంచి కాంట్రాక్టరు వచ్చాడు. మేస్త్రికి కూల్చే పని మాత్రం మిగిలింది.

కూల్చిన సామాను పెరట్లో కుప్పపడేసరికి బావలోని బ్యాంకు నిద్రలేచింది. ఇప్పుడు పాతదనానికే ధర. కారైకుడి వైపు చెట్టియార్ల ఇళ్ళు విప్పి, తలుపులూ స్తంభాలూ అమ్మే బజార్లే ఉన్నాయి. రిసార్టులవాళ్ళు, హోటళ్ళవాళ్ళు ఎగబడి కొంటారు. బావ ఫోనులో ఇవన్నీ చూసి నాలుగు స్తంభాలు, ద్వారబంధం, తలుపులు, దూలాలు, మంగుళూరు పెంకులు కలిపి లక్షా ఎనభై వేలు అని ధర కట్టాడు.

పదిరోజుల్లోనే మేస్త్రి ఒక బేరం తెచ్చాడు. పార్టీ పేరు చెప్పొద్దన్నారట. లక్షా ఇరవైతో మొదలెట్టారు. బావ నాకు కాకినాడ ఫోను చేసి రోజూ బేరం ఎంతదాకా వచ్చిందో చెప్పేవాడు, క్రికెట్ స్కోరు చెప్పినట్టు. చివరికి లక్షా నలభై అయిదు దగ్గర కుదిరింది.

అసలు తమాషా తర్వాత జరిగింది. గాడి పడిన స్తంభం చూసి పార్టీ ఎక్కడ ధర తగ్గిస్తాడో అని, బావ దాన్ని గాడి గోడవైపు వచ్చేట్టు తిప్పి నిలబెట్టించాడు. మేస్త్రి మర్నాడొచ్చి, "ఆ గాడి స్తంభం ఉందా లేదా అని అడుగుతున్నారండి. అది లేకపోతే బేరమే వద్దన్నారు" అన్నాడు.

బావ ఎగిరి గంతేసినంత పని చేశాడు. "చూశావా, వీడెవడో ఆంటిక్కుల పిచ్చోడు! గాడి ఉంటే వీళ్ళకి అదో అందం. ఇంకో అయిదు వేలు వెయ్యి" అన్నాడు. వేశారు. పార్టీ కిక్కురుమనకుండా ఇచ్చింది. అంత తేలిగ్గా ఇచ్చాక పదివేలు అడగనందుకు బావకి రెండు రాత్రులు నిద్ర లేదు.

డబ్బు లెక్కపెట్టుకున్నాక తెల్లకాగితం మీద సామాను జాబితా రాసి, అడుగున "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని రాసి, ఆ ముక్క కింద రెండు గీతలు గీసి సంతకం పెట్టి మేస్త్రి చేతికిచ్చాడు. రేపు పుచ్చు ఉందనో బీట ఉందనో పార్టీ తిరిగొస్తే?

ట్రాక్టరు వచ్చి ఎక్కించుకునే రోజున నేనూ మా ఆవిడా అక్కడే ఉన్నాం. అత్తయ్య కర్ర పట్టుకుని పెరటి గుమ్మంలో నిలబడి, "ద్వారబంధం కింద గడ్డి వెయ్యండర్రా, లక్ష్మీదేవి ముక్కు కొట్టుకుంటుంది" అని కేకేసింది.

"వాడి సరుకు, వాడి ఖర్మ. నీకెందుకమ్మా?" అన్నాడు బావ.

కూలీలు గడ్డి వేసి మరీ ఎక్కించారు.

ఆ రోజే మా ఆవిడ అత్తయ్య మెడ చూసి, "మూడు కాసుల గొలుసేది పిన్నిగారూ?" అని అడిగింది. ఎండాకాలం, మెడంతా చెమటపొక్కులు, తీసి దాచానంది అత్తయ్య. ఆడవాళ్ళ నగల సంగతి మనకెందుకని నేను వినీ విననట్టు ఊరుకున్నాను.

ఇల్లు పూర్తయింది. మళ్ళీ గృహప్రవేశం చేసి భోజనాలు పెట్టాడు బావ. నేల మీద అద్దంలా టైల్సు, పైన ఫాల్స్ సీలింగు, దాని అంచుల వెంట నీలంరంగు లైట్లు. చుట్టాలంతా బాగుందన్నారు. బాగానే ఉంది, ఏ ఊళ్ళో ఉన్నామో మాత్రం తెలియదు. అత్తయ్య కొత్త సోఫా అంచున కూర్చుని, వచ్చేపోయేవాళ్ళని "బయట పొద్దుగూకిందా?" అని అడుగుతోంది. మండువాలో కూర్చుని ఎండ ఏ స్తంభం దాకా వచ్చిందో చూసి టైము చెప్పిన మనిషి మరి. తర్వాత్తర్వాత ఆవిడ మధ్యాహ్నం భోజనం కాగానే భజనకని ఆటో ఎక్కి వెళ్ళి, దీపాలవేళకి వస్తోందని విన్నాను. మంచిదే, కాలక్షేపం అనుకున్నాం.

వానలు పడ్డాయి. శ్రావణమాసంలో హాలు గోడ మోకాలెత్తున పొక్కింది. భాద్రపదానికి పెచ్చులూడి తెల్లటి ఉప్పు పూసింది. కాంట్రాక్టరు ఇసక మంచిది కాదన్నాడు, ఇసక తోలినవాడు సిమెంటు మంచిది కాదన్నాడు. బావ ఆ గోడకి సోఫా అడ్డం పెట్టించాడు.

కార్తీకంలో అసలు పిడుగు డాలస్ నుంచి పడింది. బావ కూతురికి పెళ్ళి కుదిరింది. "పెళ్ళి మన ఊళ్ళోనే నాన్నా, మండువాలోనే. చిన్నప్పటి ఫొటోలు చూపిస్తే వాళ్ళవాళ్ళందరూ ఫ్లాటయిపోయారు. ఆ పెద్ద తలుపు ముందే ఎదురుకోలు" అంది. బావ వీడియోలో హాలు చూపించాడు. అవతల కాసేపు మాట లేదు. "ఇది ఎవరిల్లు?" అంది ఆ పిల్ల.

ఆ రాత్రే నాకు ఫోను. "ఒరేయ్, పొద్దున్నే బయల్దేరి రా. ఆ పార్టీని పట్టుకోవాలి. ద్వారబంధం, స్తంభాలు వెనక్కి కొనేద్దాం. షామియానా కింద నిలబెట్టి అయినా పెళ్ళి చేసేస్తాను. రెట్టింపు ఇస్తాను, ఏమంటావు?"

మేస్త్రి మొదట నసిగాడు. బావ రెట్టింపు మాట ఎత్తాక తల గోక్కుని, "సరే, మధ్యాహ్నం రండి, పార్టీ ఉండే టైము" అన్నాడు. ఇద్దరం మోటారుసైకిలు మీద మేస్త్రి వెనకాలే కాలవగట్టు వెంట వెళ్ళాం. లాకులు దాటాక దారి తెలిసినట్టే ఉంది. తెలియకేం, మా తాతయ్య ఊరి దారే. అక్కడిప్పుడు మావాళ్ళెవరూ లేరు. అత్తయ్యకి పసుపు కుంకుమల కింద తాతయ్య ఇచ్చిన ఇరవై సెంట్ల కొబ్బరితోట ఒక్కటే మిగిలింది.

తోట మధ్యలో చిన్న పెంకుటిల్లు. సున్నం గోడలు, ఇంకా పాలతెలుపు తగ్గలేదు. ఎదురుగా గజలక్ష్మి, ముక్కు చెక్కుచెదరలేదు.

"పార్టీ రసికుడేరా" అన్నాడు బావ, బండి స్టాండు వేస్తూ. నా గొంతు తడారిపోయింది. మేస్త్రి చెట్ల వైపు చూస్తున్నాడు.

ద్వారబంధం కిందుగా వంగి లోపలికెళ్ళాం. నాలుగు స్తంభాల మధ్య మంచమంత మండువా, దానిపైన ఆకాశం. గాడి స్తంభం దగ్గర పీట వేసుకుని అత్తయ్య మజ్జిగ చిలుకుతోంది. తాడు గాడిలో ఆడుతోంది.

బావ ఎంతసేపు నిలబడ్డాడో. చివరికి నోరు పెగుల్చుకుని, "అమ్మా, గొలుసు..." అన్నాడు.

"గొలుసూ, మీ నాన్న పెన్షనూ" అంది అత్తయ్య. "కూర్చో. మజ్జిగ తాగుదువుగాని."

"రెట్టింపు ఇస్తానమ్మా. పెళ్ళయ్యేదాకా అయినా..."

అత్తయ్య ఒక చేత్తో తాడు పట్టుకునే, రెండో చేత్తో బొడ్లోంచి మడతపెట్టిన కాగితం తీసి నాకిచ్చింది. విప్పితే బావ చేతిరాత. ఆఖరి ముక్క కింద రెండు గీతలు. నేను పైకి చదవలేదు, చదవక్కర్లేకపోయింది.

బావ ఉన్నచోటే చతికిలబడ్డాడు. "నువ్వని ఒక్క ముక్క చెబితే ఊరికే ఇచ్చేవాణ్ణి కదమ్మా!"

అత్తయ్య మళ్ళీ రెండు చేతులా తాడందుకుంది.

"ఊరికే వచ్చినదాన్ని నువ్వేం చేశావో చూశాను కదరా. అందుకే కొనుక్కున్నాను."