ఆలుమగలకు మూడున్నర అడుగులు

అమెరికా రైళ్ల లోకం ఎప్పుడో ఒక నిర్ణయానికి వచ్చేసింది: సరుకుకు తొందర ఉంటుంది, మొగుడూ పెళ్లాలకు ఉండదు. ఈ మాట ఏ స్టేషను గోడ మీదా రాసి ఉండదు. చలికాలంలో చికాగోలో శాన్‌ఫ్రాన్సిస్కో వైపు వెళ్లే కాలిఫోర్నియా జెఫిర్ అనే బండి ఎక్కిన జంటకు మాత్రం రెండో రోజు గడిచేలోపు ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. ఏడు రాష్ట్రాలు, దాదాపు 3,900 కిలోమీటర్లు, టైంటేబుల్ ప్రకారం 52 గంటలు. టైంటేబుల్ అనేది అక్కడ కూడా సృజనాత్మక సాహిత్యమే. ఇద్దరికీ కలిపి ఇచ్చే ‘రూమెట్’ గది పొడవు ఆరున్నర అడుగులు, వెడల్పు మూడున్నర. పగలు ఎదురెదురుగా రెండు సీట్లుంటాయి, రాత్రికి అవే కలిసి కింది బెర్తవుతాయి. పై బెర్తు వెడల్పు సరిగ్గా రెండడుగులు. ఒకరు స్వెట్టరు తొడుక్కోవాలంటే రెండోవారు నడవలోకి వెళ్లి నిలబడాలి. ఈ ఏర్పాటుకు విమానం టికెట్టుకు ఎన్నో రెట్లు పెట్టి, పెళ్లిరోజు కానుకగా ఒకరికొకరు కొనిచ్చుకునేవాళ్లున్నారు.

బండి నెమ్మది కావడానికి ఇంజను చేతకానితనం కారణం కాదు. దాన్ని నడిపే ఆమ్‌ట్రాక్ సంస్థ 1971 మే 1న బళ్లు నడపడం మొదలుపెట్టింది. అప్పటిదాకా ప్రయాణికుల బళ్లు నడిపి నష్టపోతున్న ప్రైవేటు రైలు కంపెనీలు ఆ బరువును సంతోషంగా దించుకుని, పట్టాలు మాత్రం తమ దగ్గరే ఉంచుకున్నాయి. అందుకే జెఫిర్ డెన్వర్ దాకా ఒక సరుకు కంపెనీ పట్టాల మీద, ఆ పైన ఇంకొక సరుకు కంపెనీ పట్టాల మీద అద్దెకు నడుస్తుంది. 1973 నుంచీ చట్టంలో రాసుంది: ప్రయాణికుల బండికే ముందు దారి. చట్టం చక్కటిదే. దాన్ని అమలు చేయమని కోర్టుకెక్కే అధికారం మాత్రం న్యాయశాఖ ఒక్కదానికే ఉంది. ఆ శాఖ 1979లో ఒకసారి కేసు వేసింది, రెండోసారి 2024లో వేసింది. మధ్యలో నలభై అయిదేళ్లు, బహుశా క్రాసింగ్ పడి ఉంటుంది.

చట్టాన్ని ఎవరూ బాహాటంగా ఉల్లంఘించరు. అంత మొరటు పని అక్కర్లేదు. గూడ్సు బళ్లను మూడు కిలోమీటర్లకు పైగా సాగదీస్తే చాలు. అంత పొడుగు బండి లూప్ లైనులో పట్టదు. పట్టేది జెఫిర్ ఒక్కటే కాబట్టి అదే పక్కకు తప్పుకుంటుంది. చట్టాన్ని కొలతలతో ఓడించడమంటే ఇదే. బొగ్గు, మొక్కజొన్న, కొత్త టీవీలు దర్జాగా పోతుంటే, ఆ టీవీలు కొనబోయే దంపతులు మంచులో లూప్ లైను మీద కూర్చుని అన్ని వ్యాగన్లనూ లెక్కపెడతారు.

మంచును తప్పుపట్టమని కొందరంటారు. తుఫాను గట్టిగా కొడితే బళ్లు ఆగుతాయి, రద్దవుతాయి, కాదనను. 1952 జనవరిలో ‘సిటీ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కో’ అనే బండి సియెర్రా నెవాడా కొండల్లో మంచులో కూరుకుపోయి, 226 మందితో మూడు రోజులు ఇరుక్కుపోయింది. కానీ ఆ దారిని చలికాలమంతా మంచు తోడి తెరిచి ఉంచుతున్నది ఎవరి కోసం? సరుకు కోసమే. కొండల మీద మంచుకు విరుగుడు దొరికింది గానీ, గూడ్సుకు ఇంతవరకూ దొరకలేదు.

విమానం ఉందిగా అని ఇంకో మాట. ఉంది. 2022 క్రిస్మస్ వేళ సౌత్‌వెస్ట్ అనే ఒక్క సంస్థే పదహారు వేలకు పైగా విమానాలు రద్దు చేసింది. ఎయిర్‌పోర్టు నేల మీద పడుకోవడం కంటే రెండడుగుల బెర్తు నయమే. అయితే పక్కింటివాడు ఇంకా ఘోరంగా వండాడని మన పప్పులో ఉప్పు సరిపోయినట్టు కాదు కదా. ఇక నష్టాల్లో నడిచే బండిని మూసేయమనే లెక్కల మనుషులు ఒక లెక్క మరిచిపోతారు: ఏడు రాష్ట్రాలంటే పద్నాలుగుమంది సెనేటర్లు. దారిలోని చిన్న ఊళ్లకు ఈ బండి అవసరం నిజమైనదే, ఆ ఊళ్లలోని ఓట్లూ నిజమైనవే. అందుకే బండి చావదు. దారి ఇవ్వరు కాబట్టి బతకనూ బతకదు.

అసలు బలమైన అభ్యంతరం ప్రకృతి ప్రేమికులది. ఆలస్యమైతేనేం, కిటికీ బయట రాకీ పర్వతాలు, గడ్డకట్టిన కొలరాడో నది, గాజు కప్పు పెట్టె, పక్కన జీవిత భాగస్వామి, ఇంకేం కావాలి అని. కావలసింది వెలుతురు. డిసెంబరులో అక్కడ సాయంత్రం అయిదులోపే పొద్దు గుంకుతుంది. పొద్దున డెన్వర్ వదలాల్సిన బండి అయిదు గంటలు వెనకబడిందంటే, డబ్బు పోసి కొనుక్కున్న లోయల్లో సగం చీకటిపాలే. 1928లో తెరిచిన మోఫట్ సొరంగం పొడవు పది కిలోమీటర్లు. ఆ పది నిమిషాల చీకటి మాత్రం ఏ వేళకు చేరినా పూర్తిగా దొరుకుతుంది.

కాబట్టి ఈ దంపతులకు న్యాయం జరిగే దారి ఒకటే: వాళ్లను సరుకుగా బుక్ చేయాలి. ఓడల్లో వచ్చే మామూలు కంటైనరు పొడవు నలభై అడుగులు, వెడల్పు ఎనిమిది. ఇద్దరూ ఒకేసారి స్వెట్టరు తొడుక్కోవచ్చు. బండి మూడు కిలోమీటర్లుంటుంది కాబట్టి ఎవరికీ దారి ఇవ్వనక్కర్లేదు. కిటికీ ఉండదంటారా, రాత్రి పూట లోయ దాటే బండికి ఉన్న కిటికీ ఏం చూపిస్తుంది? పైగా జెఫిర్ శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లదు, అఖాతానికి ఇవతలున్న ఎమరీవిల్‌లో దింపేస్తుంది. అక్కడికని పంపిన సరుకును ఇక్కడ దింపితే యజమాని లాయరుకు ఫోన్ చేస్తాడు. దంపతులు సామాన్లు మోసుకుని బస్సెక్కుతారు.