‘గడియ తీరిక లేదు’ – టీకా తాత్పర్యసహితము

మూలము: గడియ తీరిక లేదు పంతులుగారూ!

అవతారిక: తెనాలి బజారులో మడత తలుపుల కిరాణా దుకాణమొకటి కలదు. ఉదయమారింటికి పాల ప్యాకెట్లతో తెఱచి రాత్రి పదింటికి చిల్లర లెక్కతో మూయు దాని షావుకారుగారిని, “డాక్టరుగారు చెప్పిన నడక మొదలుపెట్టితిరా?” యని నేనడుగగా, ఒక చేత మినపగుండ్లు తూచుచు, భుజమునకు చెవికి నడుమ ఫోను నొక్కిపట్టి, ఆయన యనుగ్రహించిన వాక్యమిది. కొలిచెల మల్లినాథసూరి మూలమున లేనిది వ్రాయనని ప్రతిజ్ఞ పట్టి కావ్యములకు వ్యాఖ్యలు రచించెను. ఆ మహనీయుని జాడలోనే నడవ యత్నింతును గాని, ఇచ్చట మూలకారుడు గల్లాపెట్టె వెనుక సజీవుడై కూర్చుండుటచే, అప్పుడప్పుడు ఆ పెట్టెలోనికి తొంగిచూడక తప్పదు.

గడియ: అహోరాత్రమున అఱువదవ పాలు, అనగా 24 నిమిషములు. కొందఱు ‘క్షణము తీరిక లేదు’ అని పఠింతురు. అది అపపాఠము, క్షణము చిక్కినను దానితో నెవడును వీధి మలుపు వఱకైన నడచి రాలేడు. గడియ సంగతి వేఱు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి వారమునకు కనీసము 150 నిమిషములు చురుకైన నడకవంటి శ్రమను విధించియున్నది. ఏడు గడియలు 168 నిమిషములు. దినమునకొక గడియ నడచువాడు విధి చెల్లించి వారాంతమున 18 నిమిషములు మిగులు చూపగలడన్నమాట. అర్ధరూపాయి తేడా వచ్చిన రాత్రి నిద్రపోని మనిషికి ఈ లెక్క తట్టకపోవుట వింత.

తీరిక: ‘కోరు’ నుండి కోరిక పుట్టినట్లే ‘తీరు’ నుండి తీరిక పుట్టెను. రోగమంతయు ఈ వ్యుత్పత్తిలోనే యున్నది. బాకీ తీరును, తగవు తీరును. దుకాణము పని తీరదు. పని తీరిన పిదపనే తీరిక యని పదమును నమ్ముకొన్న మన మూలకారుడు మధ్యాహ్నపు క్యారేజీని మూడున్నరకు విప్పి, పెరుగన్నము రెండు ముద్దలు తిని, మూడవది చేతనుండగానే ‘అరకిలో కందిపప్పు’ అను పిలుపునకు లేచును. గల్లాపెట్టెలో రబ్బరు బ్యాండ్ల క్రింద బీపీ మాత్రల స్ట్రిప్పొకటి పడియున్నది. కొని నెల దాటినది, పది గుంటలలో మూడు మాత్రమే ఖాళీ. దాని ప్రక్కనే అరువు చీటీలు తేదీల వారీగా కట్టలు కట్టబడియున్నవి. ఒడలికి పడిన బాకీ ఆ కట్టలలో నెక్కడను లేదు.

ఆయుర్వేదాచార్యుడు వాగ్భటుడు అష్టాంగహృదయ సూత్రస్థానమున రెండవ యధ్యాయమును దినచర్యకే వినియోగించి, బ్రాహ్మముహూర్తమున లేవుమనియు, తలకు, చెవులకు, పాదములకు విశేషించి నూనె రాచుకొనుమనియు, బలవంతుడైనను సగము బలము మేరకే వ్యాయామము చేయుమనియు విధించెను. వీనిలో బ్రాహ్మముహూర్తమున లేచుట యొక్కటి షావుకారుగారు తప్పక పాటింతురు. పాల వ్యాను అప్పుడే వచ్చును.

లేదు: అభావము. అన్నంభట్టు తర్కసంగ్రహమున అభావము నాలుగు తెఱగులని విభజించెను. షావుకారుగారు తమ తీరికది అత్యంతాభావమందురు, అనగా ఏ కాలమునను లేనిది. దీనికి వారి యిల్లాలి ఆక్షేపము: “రాత్రి పన్నెండు దాకా ఫోనులో ఆ వీడియోలు చూడ్డానికి ఎక్కణ్ణుంచి వచ్చిందండీ తీరిక?” ఈ వాదమునకు సమాధానము నేటివఱకు వెలువడలేదు. కావున ఆ తీరిక ఉండి నశించినది, దానిది ప్రధ్వంసాభావమని సిద్ధాంతము.

విశేషము: 1988 నాటి దుకాణముల చట్టము పనికుఱ్ఱవానికి వారమునకొక సెలవు దయచేసినది. యజమానికి సెలవిచ్చుటకు యజమాని లేడు. ఇచ్చట కవిహృదయమున లేకున్నను కోశమున నున్న శ్లేష యొకటి గమనింపదగును: గడియ యనగా తలుపు బిగించు అడ్డగడియ కూడ. అన్వయము: గడియ వేయక గడియ లేదు.

తాత్పర్యము: ఇదంతయు విని షావుకారుగారు నవ్వి, “మీకేమండీ, గిరాకీ ఎదురు కొట్టుకు పోతే మీ టీక తెచ్చి పెడుతుందా?” అనిరి. ఈ శంక ఉత్తదికాదు. ఒకసారి మళ్లిన ఖాతాదారుడు ఏడాదిదాక తిరిగిరాడు. అయినను సోమవారమునాడు తలుపునకు అట్టముక్కయొకటి వ్రేలాడినది: ‘మధ్యాహ్నం 2 నుండి 2–24 వరకు మూయబడును’. నాలుగవ దినమున 2–10కి ఇంగువ డబ్బీకొఱకు ఆ తలుపు దబదబ బాదినవాడను నేనే.